ప్యాషన్ ఫ్రూట్ తీగ నిండా ఎర్ర గొంగళి పురుగులు, మందు కొట్టమంటారా?

మిద్దెమీద_మల్లి (కాకినాడ) | ఆగస్టు 11, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. పాత నీళ్ల డ్రమ్ములో రెండేళ్ల కింద ప్యాషన్ ఫ్రూట్ మొక్క పెట్టాను. ఊదా కాయ రకం. ఈ ఏడాదే మొదటిసారి పూసింది, పదకొండు కాయలు నిలిచాయి. మా ఇంట్లో ఆ కాయల లెక్క తెలియని వాళ్లు లేరు.

పెళ్లికని ఊరెళ్లి నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి తీగ పైభాగం అంతా పుల్లలు పుల్లలుగా ఉంది. ఆకులు పోయి ఈనెలే మిగిలాయి. దగ్గరకెళ్లి చూస్తే ముదురు ఎరుపు, గోధుమ రంగు కలిసిన గొంగళి పురుగులు. ఒళ్లంతా ముళ్లు, ఆ ముళ్లకు మళ్లీ చిన్న ముళ్లు. ఒక్కో ఆకు మీద పది, పదిహేను చొప్పున గుంపుగా ఉన్నాయి.

నర్సరీ అతనికి ఫోటో చూపిస్తే ఒక మందు సీసా ఇచ్చి సాయంత్రం కొట్టేయమన్నాడు. వాసనకే తల తిరుగుతోంది. మా మనవడు రోజంతా మిద్దె మీదే ఆడతాడు. వాడికి ఆ పురుగులు తగిలినా భయమే, మందు తగిలినా భయమే. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చేయమంటారు?

పచ్చతోరణం (విజయవాడ) | ఆగస్టు 11, ఉదయం 7:15

అక్కా, ఆ సీసా మూత తీయకండి. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి. రెండు రోజులు ఆగి మళ్లీ కొట్టండి. పోతాయి. చేత్తో మాత్రం ముట్టుకోకండి. మా మునగ చెట్టు గొంగళి పురుగు తగిలి వారం రోజులు చెయ్యి దద్దుర్లెక్కింది.

రెక్కల_లెక్క (విశాఖపట్నం) | ఆగస్టు 11, ఉదయం 8:05

మల్లి గారూ, ఒక్కరోజు ఆగగలరా? మీరు చెప్పిన పోలికలను బట్టి అవి టానీ కోస్టర్ అనే సీతాకోకచిలుక పిల్లలు. శాస్త్రీయ నామం అక్రేయా టెర్ప్సికోరే. పాత పుస్తకాల్లో అక్రేయా వయోలే అని ఉంటుంది, రెండూ ఒకటే. ప్యాషన్ ఫ్రూట్ కుటుంబానికి చెందిన తీగలే వీటి ప్రధాన ఆహారం. మీ మిద్దె మీద టమాటా, వంగ, బెండ ఏమున్నా వాటి జోలికి పోవు.

పచ్చతోరణం గారూ, మునగ గొంగళి గురించి మీరు చెప్పింది నిజం. దాని వెంట్రుకలు ఒంటికి గుచ్చుకుంటే దురద, దద్దుర్లు వస్తాయి. కానీ ఇది ఆ జాతి కాదు. ఇది ముళ్లతో భయంకరంగా కనిపిస్తుంది కానీ కుట్టదు. నేను ఎన్నోసార్లు అరచేతిలో పాకించుకున్నాను, ఏమీ కాలేదు. అయినా పిల్లలకు ముట్టుకోవడం అలవాటు చేయొద్దు, ఏది ఏ పురుగో వాళ్లకు తెలియదు కదా.

తల్లి సీతాకోకచిలుకను మీరు చూసే ఉంటారు. నారింజ రంగు రెక్కల మీద నల్ల చుక్కలు, వెనక రెక్కల అంచున నల్లటి పట్టీ, ఆ పట్టీలో తెల్ల చుక్కల వరస. రెక్కలు చాపితే ఆ చివరి నుంచి ఈ చివరికి 53 నుంచి 64 మిల్లీమీటర్లు. ఎగరడంలో తొందరే ఉండదు. నేలకు దగ్గరగా, గాలిలో తేలినట్టు మెల్లగా వెళ్తుంది.

మిద్దెమీద_మల్లి | ఆగస్టు 11, ఉదయం 8:40

అయ్యో! ఊరెళ్లే ముందు రెండు వారాలుగా అలాంటిది రోజూ మధ్యాహ్నం తీగ చుట్టూ తిరిగేది. మా మనవడు "అమ్మమ్మా, నీ తీగకు చుట్టం వచ్చింది" అనేవాడు. నేను కూడా మురిసిపోయి ఫోటోలు తీసుకున్నాను. గుడ్లు పెడుతోందని నాకేం తెలుసు.

ఎర్రనేల_రైతు (మహబూబ్‌నగర్) | ఆగస్టు 11, ఉదయం 9:30

ఈ సీతాకోకచిలుక మా చేన్ల గట్ల మీద బాగా కనపడుతుంది. కాకులు, పిచ్చుకలు దాని జోలికి పోవు. చిన్నప్పుడు ఒకదాన్ని పట్టుకుంటే చచ్చినట్టు పడిపోయింది, వేళ్లకు పసుపు రంగు నీళ్లు అంటుకున్నాయి. చెడు వాసన. వదిలేయగానే లేచి పోయింది. అదే కదా ఇది?

రెక్కల_లెక్క | ఆగస్టు 11, ఉదయం 10:10

అదే అన్నా. పట్టుకుంటే చచ్చినట్టు నటిస్తుంది. ఆ పసుపు ద్రవం కాళ్ల కీళ్ల దగ్గర నుంచి వస్తుంది. శరీరం కూడా తోలులా గట్టిగా ఉంటుంది కాబట్టి పక్షి ఒకసారి నోట పెట్టి ఉమ్మేసినా బతికి బయటపడుతుంది.

రైతు కాబట్టి మీకు ఒక మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. వానలు లేక గిడసబారిన జొన్న మేస్తే పశువులకు నాము తగులుతుందంటారు కదా. ఆ జొన్నలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉండటమే కారణం. అలాంటి పదార్థాలే ఈ ప్యాషన్ తీగల ఆకుల్లోనూ ఉంటాయి. మన గోదావరి జిల్లాల్లో సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలంలో లినమారిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా అదే పదార్థం ఈ అక్రేయా గుంపు సీతాకోకచిలుకల ఒంట్లోనూ దొరికింది. అందుకే అంత ధీమాగా, అంత మెల్లగా ఎగురుతుంది. నన్ను తింటే నీకే నష్టం అని పక్షికి ఆ రంగే చెబుతుంది.

మల్లి గారూ, పండిన కాయ తినడానికి ఏ భయమూ లేదు. పచ్చికాయలు మాత్రం పిల్లలు కొరకకుండా చూడండి.

బడిగంట (శ్రీకాకుళం జిల్లా) | ఆగస్టు 11, మధ్యాహ్నం 1:20

నేను ప్రాథమిక పాఠశాలలో పని చేస్తాను. ఈ చర్చ చూసి ఒక విషయం గుర్తొచ్చింది. కీటకాలకు ఆరు కాళ్లు అని పాఠం చెప్పి పిల్లల్ని బడి వెనక కంచె దగ్గరకు తీసుకెళ్లాను. ఈ నారింజ సీతాకోకచిలుకే పువ్వు మీద వాలి ఉంది. మూడో తరగతి పాప ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి "సార్, నాలుగే ఉన్నాయి" అంది. నేనూ లెక్కపెట్టాను. నాలుగే! ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. రెండు కాళ్లు విరిగిపోయి ఉంటాయని చెప్పి తప్పించుకున్నాను. అలా చెప్పానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రెక్కల_లెక్క | ఆగస్టు 11, మధ్యాహ్నం 2:00

మాస్టారూ, ఆ పాప చూపు చాలా గొప్పది. తప్పకుండా మళ్లీ పిలిచి చెప్పండి. ఇది నింఫాలిడే కుటుంబం. ఈ కుటుంబంలో ముందు కాళ్ల జత బాగా చిన్నదైపోయి, నూగుతో బ్రష్‌లా ఛాతీకి ముడుచుకుని ఉంటుంది. నడకకు పనికిరాదు. నిలబడేది, నడిచేది నాలుగు కాళ్ల మీదే. అందుకే వీటిని బ్రష్ కాళ్ల సీతాకోకచిలుకలు అంటారు. కాళ్లు ఆరూ ఉన్నాయి, పాపకు కనిపించినవి నాలుగు. పాప చెప్పింది తప్పు కాదు, మీ పాఠమూ తప్పు కాదు.

జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ కూడా ఈ కుటుంబమే, దానికీ ఇంతే. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. ప్లెయిన్ టైగర్ పెద్దది, ముందు రెక్క కొసన నల్లటి మచ్చలో తెల్ల పట్టీ ఉంటుంది. కానరేగు చెట్టు మీద పెరిగే కామన్ లెపర్డ్ అని ఇంకొకటి ఉంది, నారింజ మీద నల్ల చుక్కలు దానికీ ఉంటాయి కానీ అది ఒక్క క్షణం కుదురుగా ఉండదు. టానీ కోస్టర్‌ను నడకను బట్టే గుర్తుపట్టొచ్చు. నడక అంటున్నాను కానీ ఎగరడమే.

కొండవాలు (లంబసింగి వైపు) | ఆగస్టు 11, సాయంత్రం 6:45

మీరంతా చెబుతున్నది వినడానికి బాగుంది. నాకు నలభై ప్యాషన్ ఫ్రూట్ తీగలున్నాయి. పర్యాటకులకు కాయలు, రసం అమ్ముకుంటాం. మిద్దె మీద పదకొండు కాయలు పోతే బాధ ఉంటుంది, నాకు ఒక కాపు పోతే ఆ ఏడు పిల్లల ఫీజు పోతుంది. ముదురు తీగ ఆకులన్నీ పోయినా మళ్లీ చిగురిస్తుంది, నిజమే. ఆరు నెలల మొక్కను మాత్రం ఈ పురుగులు పూర్తిగా మొద్దు చేసేస్తాయి, చచ్చిపోయినవీ ఉన్నాయి. అందంగా ఉందని వదిలేయమంటే నాలాంటి వాళ్లకు కుదరదు. కోపం కాదు, నా పరిస్థితి చెబుతున్నాను.

అలాగని మందూ కొట్టను. మొదటి ఏడు కొట్టాను. పురుగులు పోయాయి, వాటితో పాటు తుమ్మెదలూ పోయాయి. ప్యాషన్ పువ్వులో పుప్పొడి మోసేది నల్లగా బొద్దుగా ఉండే ఆ తుమ్మెదే. పువ్వు పెద్దది, అందులో పైనున్న పుప్పొడి తిత్తికి చిన్న తేనెటీగ వీపు అందదు. పసుపు కాయ రకానికైతే వేరే మొక్క పుప్పొడి వస్తే తప్ప కాయ పట్టదు. ఆ ఏడు నా తోట నిండా పూలే, కాయ లేదు. మేము ఇంటిల్లిపాదీ పొద్దున్నే లేచి దూదితో పుప్పొడి అద్దుకుంటూ తిరిగాం.

ఇప్పుడు చేసేది ఒకటే. మూడు రోజులకోసారి లేత కొమ్మల్లో ఆకు అడుగున చూస్తాం. గుడ్లు విడివిడిగా ఉండవు, ఒకే చోట పసుపు రంగులో కుప్పగా ఉంటాయి. ఆ ఒక్క ఆకు తుంచేస్తే యాభై పురుగులు పోయినట్టే. పురుగు చిన్నగా ఉన్నప్పుడు కూడా గుంపు విడిపోదు కాబట్టి అప్పుడూ ఒక్క ఆకుతో పోతుంది. పెద్దవై చెదిరిపోయాకే కష్టం.

పచ్చతోరణం | ఆగస్టు 11, రాత్రి 7:30

తుమ్మెద సంగతి నాకు తెలియదు అన్నా. నేను పూత సమయంలో కూడా ఏదో ఒకటి కొడుతూనే ఉంటాను. వేపనూనె అయినా ఇకపై సాయంత్రం తుమ్మెదలు తిరగనప్పుడే కొడతాను. మా సొరపాదుకు కూడా ఈ మధ్య పిందె నిలవడం లేదు, దానికీ ఇదే కారణమేమో చూసుకోవాలి.

మిద్దెమీద_మల్లి | ఆగస్టు 11, రాత్రి 8:10

కొండవాలు గారూ, మీరు కోపంగా అన్నట్టు నాకు అనిపించలేదు. మీరు చెప్పబట్టే సగం అర్థమైంది. మందు సీసా రేపు వెనక్కి ఇచ్చేస్తాను. కానీ ఇప్పుడున్న పురుగులు పెద్దవి, లెక్కపెడితే డెబ్భై దాకా ఉన్నాయి. చంపడానికి చెయ్యి రావడం లేదు. ఉన్న ఆకులన్నీ తినేస్తే కాయలు పెరగవేమో అని అదో దిగులు. మధ్యే మార్గం ఏమైనా ఉందా?

రెక్కల_లెక్క | ఆగస్టు 11, రాత్రి 9:00

ఉంది. మీ కాకినాడలో ఇసుక నేలల్లో, పాడుబడ్డ ప్రహరీల మీద, రైలు పట్టాల పక్క కంచెల మీద పాకే ఒక తీగ ఉంటుంది. తెల్లటి పువ్వు, మధ్యలో ఊదా రంగు. కాయ చుట్టూ పచ్చటి నూగు వల అల్లినట్టు ఉంటుంది, పండితే లోపల నారింజ రంగు పండు. ఆకు నలిపితే ఘాటు వాసన. తెల్లజుమికి అంటారు కొన్ని చోట్ల. శాస్త్రీయంగా పాసిఫ్లోరా ఫీటిడా, మీ ప్యాషన్ ఫ్రూట్‌కు చెల్లెలు వరస. పురుగులున్న కొమ్మ తుంచి ఆ తీగ మీద పెట్టండి. చాలావరకు అవే పాకి ఎక్కుతాయి. తీగ మీద పది ఉంచుకుంటే మీ మనవడికి చూడటానికి మిగులుతాయి.

కొండవాలు | ఆగస్టు 11, రాత్రి 9:25

ఒక్క మాట. ఆ అడవి జుమికి తీగను తోట పక్కనే పెంచుకోమని మాత్రం ఎవరికీ చెప్పకండి. నేను కంచె మీద పెరగనిచ్చాను, పురుగులు అటు పోతాయని. పోయాయి. నెల తిరిగేసరికి అక్కడ పుట్టిన సీతాకోకచిలుకలన్నీ నా తోటలోకే గుడ్లకు వచ్చాయి. దూరంగా ఉన్న తీగ మీద పెట్టుకోవాలి.

రెక్కల_లెక్క | ఆగస్టు 11, రాత్రి 9:40

ఒప్పుకుంటాను. పైగా అది మన దేశపు మొక్క కూడా కాదు, అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చి ఇక్కడ కలుపుగా పాకిపోయింది. కొత్తగా నాటమని నేను చెప్పను. ఉన్నదాన్ని వాడుకోవడం వరకే.

ఎర్రనేల_రైతు | ఆగస్టు 12, ఉదయం 5:50

నాకో సందేహం. జుమికి అమెరికాది, ప్యాషన్ ఫ్రూటూ అమెరికాదే. మరి అవి రాకముందు ఈ పురుగు ఇక్కడ ఏం తిని బతికింది?

రెక్కల_లెక్క | ఆగస్టు 12, ఉదయం 7:30

అన్నా, ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. జవాబు మీ చేలోనే ఉంది. తొలకరి తర్వాత గట్ల మీద జానెడు ఎత్తున ఒక మొక్క మొలుస్తుంది. గులాబీకి ఊదాకు మధ్య రంగులో చిన్న పువ్వు. దాని రెక్కల్లో ఒక్కటే పెద్దది, పార ఆకారంలో కిందికి వాలి ఉంటుంది. పురుషరత్నం అంటారు, రత్నపురుష అని కూడా అంటారు. మందుల కోసం వేళ్లతో సహా పీకి అమ్ముతారు. అది వయోలా కుటుంబం మొక్క. వయోలే అనే పాత పేరు కూడా ఆ కుటుంబాన్నే గుర్తు చేస్తుంది. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ పెట్టిన టెర్ప్సికోరే అనే పేరు గ్రీకుల నాట్యదేవతది. దాని ఎగురుడు చూస్తే ఆ పేరు ఎంత తగిందో నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

కలుపు మందులు ఎక్కువయ్యాక గట్ల మీద పురుషరత్నం తగ్గింది. నా చిన్నతనంలో మా అమ్మమ్మగారి ఊళ్లో ఎక్కడ చూసినా ఉండేది, పోయినేడు వెతికితే శ్మశానం పక్క బీడులో మాత్రమే కనిపించింది. ఇప్పుడు ఈ సీతాకోకచిలుక ఎక్కువగా బతుకుతున్నది బయటి నుంచి వచ్చిన తీగల మీదే.

ఇంకో సంగతి. దక్షిణ అమెరికాలో హెలికోనియస్ అనే సీతాకోకచిలుకలున్నాయి, ఇదే ఉపకుటుంబం. వాటి పిల్లలూ ప్యాషన్ తీగలే తింటాయి. అక్కడ కొన్ని తీగలు ఆకుల మీద అచ్చం గుడ్లలా పసుపు బుడిపెలు పుట్టించుకుంటాయి. తల్లి వచ్చి చూసి, ఇక్కడ ఎవరో ముందే గుడ్లు పెట్టారనుకుని వెళ్లిపోతుంది. ఒక తీగ ఇంత ఉపాయం పన్నిందంటే వాటి మధ్య పోరు ఎంత పాతదో ఆలోచించండి.

డార్విన్_తెలుగు (ఆస్ట్రేలియా) | ఆగస్టు 12, మధ్యాహ్నం 12:15

నమస్తే అండీ. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాడిని, ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మాది రాజోలు దగ్గర. ఉద్యోగం మీద ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు వచ్చాను. వచ్చిన మొదటి నెల, తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఒక ఆదివారం ఇంటి వెనక ఖాళీ జాగాలో ఈ నారింజ సీతాకోకచిలుక కనిపించింది. చిన్నప్పుడు కాలవగట్టు మీద చూసిందే ఇది అనిపించింది. కానీ ఇంత దూరంలో ఎందుకుంటుంది, పోలిక అయి ఉంటుందిలే అనుకున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, నిజంగా అదే. ఒకప్పుడు ఇది భారత్, శ్రీలంకల సీతాకోకచిలుక. 1980లలో థాయ్‌లాండ్‌లో కనిపించింది. అక్కడి నుంచి మలేషియా, 2006కు సింగపూర్, ఆపైన ఇండోనేషియా దీవులు ఒక్కొక్కటీ దాటుకుంటూ 2012లో డార్విన్ ప్రాంతానికి చేరింది. అడవులు కొట్టి నేల తెరిపి చేయడం, జుమికి లాంటి తీగలు అన్ని చోట్లా పాకడం దీనికి దారి వేశాయని శాస్త్రజ్ఞులు అంటారు. ఇక్కడ కూడా జుమికి కలుపే. ఇక్కడి గడ్డి మైదానాల్లో పురుషరత్నం కూడా ఉంది, దాని మీదా గుడ్లు పెడుతుంది.

అంత మెల్లగా ఎగిరే ప్రాణి సముద్రం దాటి వచ్చిందంటే మొదట నమ్మలేదు. అది తెలిసిన రోజు మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "అయితే నువ్వు ఒక్కడివే లేవన్నమాట" అంది.

బడిగంట | ఆగస్టు 12, సాయంత్రం 5:10

డార్విన్ బాబూ, మీరు రాసింది రేపు ప్రార్థన సమయంలో పిల్లలకు చదివి వినిపిస్తాను. గోడ మీది ప్రపంచ పటంలో దారంతో దాని దారి గుర్తు పెడతాం. నాలుగు కాళ్లు లెక్కపెట్టిన పాప ఇప్పుడు ఐదో తరగతి. దారం మొదటి కొస ఆ పాప చేతికే ఇస్తాను, ఆ రోజు చెప్పాల్సింది కూడా చెబుతాను.

మిద్దెమీద_మల్లి | ఆగస్టు 14, ఉదయం 9:00

మా వారు రైల్వే కంచె దగ్గర జుమికి తీగ చూసి వచ్చారు. మా ఇంటికి కిలోమీటరు పైనే. నిన్న సాయంత్రం పాత చీపురు చేటలో కొమ్మలు పరిచి పురుగులు మోసుకెళ్లాం. మనవడు లెక్కపెట్టాడు, 58. ఈ ఉదయం వెళ్లి చూస్తే చాలావరకు ఎక్కి తింటున్నాయి. కొన్ని కనిపించలేదు, ఏమయ్యాయో. తీగ మీద పన్నెండు ఉంచాం.

మిద్దెమీద_మల్లి | ఆగస్టు 19, ఉదయం 7:20

రెండు రోజులుగా పురుగులు తినడం మానేసి గోడ మీద, నీళ్ల పైపు మీద, బట్టల తీగ మీద తలకిందులుగా వేలాడుతున్నాయి. కొన్ని అప్పుడే మారిపోయాయి. తెల్లటి గూడు, దాని మీద నల్ల గీతలు, నారింజ చుక్కలు. ఎవరో కూర్చుని సన్న కుంచెతో గీసినట్టుంది. బట్టల తీగ మీద ఆ చివర బట్టలు ఆరేయొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.

రెక్కల_లెక్క | ఆగస్టు 19, ఉదయం 8:00

పైపు మీద ఎండ పడే చోట ఉంటే ఒక తడి గుడ్డ దగ్గర్లో వేలాడదీయండి. ముట్టుకోవద్దు, జరపొద్దు. సుమారు వారంలోపు వస్తాయి. పొద్దున్నే చూడండి, ఎక్కువగా ఆ వేళలోనే బయటికొస్తాయి. ఒకటి రెండు నల్లబడి రాకపోవచ్చు. పురుగు దశలోనే చిన్న కందిరీగలు వాటి ఒంట్లో గుడ్లు పెట్టేస్తాయి, విషం వాటిని ఆపలేదు. మనవడిని ముందే సిద్ధం చేయండి.

మిద్దెమీద_మల్లి | ఆగస్టు 24, ఉదయం 8:30

తొమ్మిది వచ్చాయి. రెండు రాలేదు. ఒకటి రెక్క సగమే విచ్చుకుంది, చామంతి కుండీలో పెట్టాం, పూల మీద పాకుతోంది.

మొదటిది వచ్చినప్పుడు మనవడిని నిద్ర లేపాను. రెక్కలు ముడతలు పడి తడి గుడ్డలా ఉన్నాయి. అరగంటలో విచ్చుకున్నాయి. వాడు మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాత కాళ్లు లెక్కపెట్టాడు. మాస్టారి కథ వాడికి ముందే చెప్పాను, అయినా తానే కనిపెట్టినట్టు "నాలుగే" అని అరిచాడు.

తీగ చిగురు వేసింది. కాయలు పదకొండులో తొమ్మిది నిలిచాయి.

కొండవాలు | ఆగస్టు 24, రాత్రి 8:50

చిగురు వచ్చిందన్నారు కాబట్టి ఈ వారం ఆకు అడుగున తప్పకుండా చూడండి అమ్మా. లేత చిగురంటే దానికి ప్రాణం. ఆ తొమ్మిదిలో ఆడవి అప్పుడే వెతుకుతూ ఉంటాయి.

ఎర్రనేల_రైతు | ఆగస్టు 25, ఉదయం 6:00

నిన్న గట్టంతా తిరిగాను. పురుషరత్నం పదహారు మొక్కలు దొరికాయి, ఒకదాని మీద ఎర్ర పురుగు కూడా ఉంది, ఒకటే. కలుపు మందు ఈసారి ఆ గట్టు వైపు కొట్టొద్దని కూలీలకు చెప్పాను. విత్తనం ముదిరాక ఎవరికైనా కావాలంటే చెప్పండి, కవర్‌లో పెట్టి పంపిస్తాను.

బడిగంట | ఆగస్టు 25, ఉదయం 6:25

అన్నా, బడికి ఒక గుప్పెడు కావాలి.

మిద్దెమీద_మల్లి | ఆగస్టు 25, ఉదయం 7:05

నాకూ కావాలి. ఒక కుండీ ఖాళీ చేసి పెట్టాను. కొండవాలు గారూ, చూశాను. మూడో చిగురు కింద పసుపు గుడ్లు, ఒకటే కుప్ప. ఆకు తుంచి మా వారి చేతికిచ్చాను, రైల్వే కంచె దాకా వెళ్లారు.